పాలదాలి నించి విజిల్ కెటిల్ దాకా

మన ఇళ్ళల్లో విజిల్ అంటే కుక్కర్ విజిలే. "మూడు విజిల్స్ రాంగనే బంద్ జెయ్యి" అంటే ఏ గిన్నె అని ఎవరూ అడగరు. ఇంగ్లీషు సినిమాల్లో మాత్రం పొయ్యి మీద కూత పెట్టేది టీ కెటిల్. దాన్ని సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ ఎవరింట్లోనైనా చూశారా? నేను పుట్టి పెరిగింది సూర్యాపేటలో. చుట్టాలంతా మిగతా రెండూళ్ళలో. ఇంజనీరింగ్ అయిపోయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరేదాకా నాకు ఒక్క విజిల్ కెటిల్ కూడా కనిపించలేదు.

ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. గ్రీన్ టీ అలవాటైన నాన్నలు, పొద్దున్నే వేణ్ణీళ్ళు తాగే అమ్మలు, పసిపిల్లల పాలసీసాలు కడగడానికి నీళ్ళు మరగబెట్టే అక్కలు... వీళ్ళ పుణ్యమా అని "ఊళ్ళో ఇంటికి, రోజూ వాడుకోడానికి, తక్కువలో మంచి విజిల్ కెటిల్ ఏది?" అని ఈ ఏడాది నన్ను ముగ్గురడిగారు. సాఫ్టువేరు వాడికి వంట సామాన్లతో సహా అన్నీ తెలుస్తాయని జనం నమ్మకం :-)

జవాబు చెప్తాను. కానీ అంతకంటే ముందు నన్ను తొలిచిన ప్రశ్న వేరే ఉంది. దగ్గర దగ్గర వందేళ్ళ కిందటే బజారుకొచ్చిన ఈ పాత్ర ఇన్నాళ్ళూ మన వంటింటి గడప ఎందుకు తొక్కలేదు? బీదరికం వల్ల అనుకుంటే పొరపాటు. కుక్కరు కొన్నవాళ్ళం, మిక్సీ కొన్నవాళ్ళం, కెటిల్ కొనలేకపోయామా? నాకు తట్టిన జవాబు ఇది: మనకి విజిల్ అవసరం నీళ్ళ దగ్గర రాలేదు, పాల దగ్గర వచ్చింది. అది కూడా పొయ్యిలో మంట మారాకే వచ్చింది.

విజిల్ అసలు చేసే పనేంటో మన భాషలో చెప్పుకుందాం. ఒక పని అయిందో లేదో తెలియాలంటే ప్రోగ్రాములో రెండు దార్లు. "అయిందా, అయిందా" అని మాటిమాటికీ వెళ్ళి చూడటం ఒకటి, దాన్ని పోలింగ్ అంటాం. పని అవగానే అదే వచ్చి మనల్ని పిలవటం రెండోది, ఇంటరప్ట్. పోలింగులో ప్రాసెసరు ఇంకే పనీ చేసుకోలేదు. కాలేజీలో ఈ పాఠం చెప్పినప్పుడు నాకు మాత్రం పాల గిన్నె ముందు నిలబడ్డ మా అమ్మే గుర్తొచ్చింది. పొంగుతాయేమోనని కదలకుండా నిలబడటం అచ్చమైన పోలింగు. ఒక్క క్షణం పక్కకి తిరిగితే చాలు, సరిగ్గా అప్పుడే పొంగుతాయి.

మరి మా నాయనమ్మ ఎందుకలా నిలబడేది కాదు? ఆమెకి గ్యాసు లేదు, విజిల్ లేదు. దాలి ఉండేది.

దాలి చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. వాకిట్లోనో, పెరటి మూలనో నేలలో ఒక గుంట. అందులో పిడకలు పేర్చి, నిప్పు పెట్టి, పైన కాస్త ఊకో పొట్టో కప్పేవాళ్ళు. మంట లేవదు. లోలోపల రగులుతూ ఉంటుంది. దాని మీద మట్టి పాలకుండ పెట్టి మూతేస్తే, పొద్దున పితికిన పాలు మధ్యాహ్నం దాకా అలా కాగుతూనే ఉంటాయి. సాయంత్రం మూత తీస్తే పాలు లేత ఎరుపు రంగు, పైన వేలి మందం మీగడ. ఇంటావిడ ఈలోపు చేనుకి వెళ్ళొచ్చినా పాలు పొంగవు.

ఎందుకు పొంగవు? పాలు వేడెక్కే కొద్దీ పైన మీగడ, ప్రొటీన్లు కలిసి ఒక పొర కడతాయి. అడుగున పుట్టే ఆవిరి బుడగలు ఆ పొర కింద ఇరుక్కుని నురగగా పేరుకుని, పొరని ఎత్తుకుంటూ పైకొస్తాయి. అదే పొంగు. దాలి మీద వేడి అంత మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఆవిరి అంత జోరుగా పుట్టదు. అంటే ఆ పద్ధతిలో పోలింగూ లేదు, ఇంటరప్టూ లేదు. కాపలా అవసరమే లేని విధానం. పాతకాలం వాళ్ళకి సుఖం ఎక్కువని చెప్పట్లేదు. పిడకలు కొట్టింది, పొగ పీల్చింది ఆ ఆడవాళ్ళే. కానీ పాల ముందు నిలబడే శిక్ష మాత్రం వాళ్ళకి లేదు.

తర్వాత మంట మారింది. మన మూడూళ్ళ చరిత్రలో ఈ మార్పుకి ఒక తేదీ పెట్టమంటే నేను 1967 ఆగస్టు 4 అంటాను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నించి ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలిన రోజది. ఎడమ కాలవ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి. వరి వచ్చింది, వరి వెనక రైస్ మిల్లులొచ్చాయి. మిర్యాలగూడ అంటే మిల్లులు అనే పేరు అలా పడింది. మిల్లు ఉంటే ఊక కొండలు. ఆ ఊకో, కట్టెకోత మిల్లులో రంపపు పొట్టో రేకు డబ్బాలో దట్టించి, మధ్యలో బొక్క వదిలి అంటిస్తే గంటల తరబడి మండే పొయ్యి తయారు. టీ కొట్లకి అదే పెద్ద ఆధారం. చేతిలో నాలుగు డబ్బులాడటంతో ఇళ్ళల్లోకి కిరసనాయిలు స్టవ్వులూ దిగాయి. ముందు గుర్రుమని చప్పుడు చేసే పంపు స్టవ్వు, తర్వాత వత్తుల స్టవ్వు. ఇండియన్ ఆయిల్ వాళ్ళు 1977లో తెచ్చిన 'నూతన్' స్టవ్వు ఈ వత్తుల జాతిదే.

గ్యాసు ఇంకా ఆలస్యం. ఇండేన్ మొదటి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. మన జిల్లా పల్లెల్లో మామూలు కుటుంబాలకి అది అందుబాటులోకి వచ్చింది 1999లో దీపం పథకంతో. డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళ పేరు మీద కనెక్షన్లిచ్చారు, డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. నా వయసు వాళ్ళు కట్టెల పొయ్యినీ గ్యాసు పొయ్యినీ ఒకే వంటింట్లో పక్కపక్కన చూసిన ఆఖరి బ్యాచ్ అనుకుంటా.

గ్యాసొచ్చాక పొగ పోయింది, ఊదుడుగొట్టం పోయింది, కళ్ళమంట పోయింది. కానీ దాలి మీద పూటంతా పట్టే పని అయిదారు నిమిషాల్లోకి వచ్చింది. ఆ అయిదారు నిమిషాలూ ఒక మనిషి అక్కడే నిలబడాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. "పాలు జూడు, పొంగుతున్నయ్!" అన్న కేక ఆ రోజుల్లో వినని ఇల్లు లేదు. గృహప్రవేశం రోజు పాలు పొంగితే శుభం, మర్నాడు అదే స్టవ్వు మీద పొంగితే తిట్లు. రెండు రోజులూ గిన్నె ముందు ఉండేది ఒకే మనిషి.

అంటే వేగం పెరిగితే కాపలా పెరిగింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఈ ముక్కే. సమయం మిగులుస్తానని వచ్చిన ప్రతి యంత్రం ఆ సమయంలో కొంత కాపలా పనిగా తిరిగి వసూలు చేస్తుంది. ఆఫీసులో మనకి తెలియనిదా? డిప్లాయ్‌మెంట్ పది నిమిషాల్లో అయ్యేలా చేశాం, ఇప్పుడు ఆ పది నిమిషాలూ డాష్‌బోర్డు ముందు కళ్ళార్పకుండా కూర్చుంటున్నాం.

ఈ కాపలాకి మందుగా విజిళ్ళు వచ్చాయి. మొదట వచ్చింది కుక్కరు. మూత బిగించి ఆవిరి ఒత్తిడితో ఉడికించే పాత్రని డెనిస్ పాపిన్ 1679లోనే చూపించాడు. మన దేశంలో అది ఇంటింటి వస్తువైంది 1959 తర్వాత. హాకిన్స్ కంపెనీ మొదలైన ఏడాది అదే, టీటీకే వాళ్ళ ప్రెస్టీజ్ కుక్కరు కూడా ఆ రోజులదే. అసలైతే కుక్కరు కూత పని అయిందని చెప్పే గంట కాదు. లోపల ఒత్తిడి మితిమీరకుండా బరువు లేచి ఆవిరి వదిలే ఏర్పాటు. ఒత్తిడి వల్ల లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. ఆవిరి పోయేటప్పుడు వచ్చే చప్పుడుని మనవాళ్ళు గడియారంగా మార్చేశారు. అన్నానికి ఇన్ని, కందిపప్పుకి ఇన్ని, శనగలకి ఇన్ని అని లెక్కలు కట్టారు. కంపెనీ వాళ్ళ పుస్తకంలో నిమిషాల లెక్క ఉంటుంది. దాన్నెవరు చూశారు?

రెండోది పాల కుక్కరు, అదే మిల్క్ కుక్కర్. ఇది మన దగ్గర గ్యాసు స్టవ్వు వెంబడే నడిచింది. నా లెక్కలో మన అసలైన విజిల్ కెటిల్ ఇదే. బయటికి మామూలు పిడి ఉన్న గిన్నెలా కనిపిస్తుంది, కానీ గోడలు రెండు. ఆ రెండు గోడల మధ్య ఖాళీలో చిన్న గొట్టం గుండా నీళ్ళు పోసి, గొట్టానికి విజిల్ తగిలిస్తాం. లోపల పాలు. మంట నీళ్ళని కాస్తుంది, నీళ్ళు పాలని కాస్తాయి. నీళ్ళు మరిగి ఆవిరవగానే విజిల్ కూస్తుంది. నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. పాలు మరగాలంటే నీళ్ళకంటే ఒక పిసరు ఎక్కువ వేడి కావాలి. కాబట్టి పాలు బాగా కాగుతాయి గానీ పొంగవు, అడుగంటవు. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి. దాలి చేసిన పనినే గ్యాసు మంట మీద చేసి చూపించారు. మా అమ్మకి పొద్దున పూట పది నిమిషాలు తిరిగి ఇచ్చిన యంత్రం అది.

ఇక టీ కెటిల్ సంగతి. దాని కథ వేరే దారిలో నడిచింది.

టీ మన పూర్వీకుల పానీయం కాదు. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం ఎగుమతయ్యే టీ మీద సెస్సు వేసే చట్టం తెచ్చింది. ఆ డబ్బుతో టీ ప్రచారం చేసేవాళ్ళు. 1930ల మాంద్యంలో బయటి దేశాల్లో ధరలు పడిపోయేసరికి తోటల యజమానుల చూపు ఇక్కడి జనం మీద పడింది. 1937కల్లా ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు పేరుతో ఆ ప్రచారమంతా ఊళ్ళ మీద పడింది. ఉచితంగా టీ పోశారు, పోస్టర్లు అంటించారు, టీ ఎలా చెయ్యాలో పాఠాలు చెప్పారు. ఆ పాఠం ఏంటంటే: తాజా నీళ్ళు కెటిల్లో మరిగించు, వేడి చేసిన పాత్రలో ఆకు వేసి ఆ నీళ్ళు పొయ్యి, అయిదు నిమిషాలు నాననివ్వు, పాలూ చక్కెరా తర్వాత కలుపు.

మనవాళ్ళు టీ తీసుకున్నారు, పాఠం వదిలేశారు. నీళ్ళు, పాలు, ఆకు, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించారు. ఎందుకంటే ఆకు ఖరీదు, కొంచెం ఆకుతో ఎక్కువ రంగు రావాలి. 1930ల్లోనే అస్సాంలో విలియం మెకర్చర్ కనిపెట్టిన సీటీసీ యంత్రం దీనికి సరిగ్గా అమరింది. ఆకుని నలిపి, చించి, గుళికలుగా చుట్టే ఆ పద్ధతిలో వచ్చే పొడి తక్కువ ధరకి చిక్కటి రంగునిస్తుంది. అలా మరిగించిన టీనే మన టీ అయింది.

మరిగించే టీకి విజిల్ కెటిల్ పనికిరాదు. అందులో పాలు పోస్తే నురగ మూతిలోకి ఎక్కుతుంది, విజిల్ రంధ్రం మూసుకుపోతుంది, లోపల కడగడం ఎవరి వల్లా కాదు. ఇంగ్లీషువాడి టీలో పొయ్యి మీద ఉండేది నీళ్ళే. మన టీలో పొయ్యి మీద ఉండేది పాలు. కెటిల్ మన ఇంటికి రాకపోవడానికి కారణం ఇంతే. నాగరికత తేడాలు, పేదరికం అంటూ పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు.

కెటిల్ ఇంట్లోకి రాలేదు గానీ రోడ్డు మీదకి మాత్రం వచ్చింది, విజిల్ లేకుండా. హైదరాబాదు నించి మచిలీపట్నం వెళ్ళే ఈ దారి ఒకప్పుడు జాతీయ రహదారి 9, ఇప్పుడు 65. 1956 దాకా కోదాడ హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. అవతలి జగ్గయ్యపేట ముందు మద్రాసు రాష్ట్రం, 1953 నించి ఆంధ్ర రాష్ట్రం. అటు కాఫీ, ఇటు చాయ్ అని పెద్దవాళ్ళు సరదాగా అనేవాళ్ళు. ఇటు వైపు చాయ్ మీద హైదరాబాదు ఇరానీ హోటళ్ళ నీడ ఉంది. డికాషను వేరే, పాలు వేరే గంటల తరబడి కాచి, కప్పులో కలపడం వాళ్ళ పద్ధతి. మన హైవే కొట్లు అంత ఓపిక లేక ఒకే గిన్నెలో మరిగించి, వడగట్టి, సిల్వర్ కెటిల్లో పోసి బస్సు కిటికీల దగ్గరికి పంపేవి. ఆ కెటిల్ కాచే పాత్ర కాదు, మోసే పాత్ర.

సిల్వర్ అంటే వెండి అనుకునేరు, అల్యూమినియం. మన వైపు సత్తు గిన్నెలు అని కూడా అంటారు. ఈ లోహంతో గిన్నెలు చెయ్యడం దక్షిణాదిలో మొదలైంది మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో, 1898లో. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసరు పూనుకుని చేయించాడు. ఇత్తడి గిన్నెకి ఏటా కళాయి వేయించాలి, దీనికి ఆ బాధ లేదు, పైగా తేలిక, చవక. తర్వాత స్టీలు వచ్చింది. పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వీధిలోకి వస్తే, ఆ కేక విని ట్రంకు పెట్టెలు తెరుచుకునేవి. గిన్నె మీద పేరు చెక్కించుకుంటేనే తృప్తి. ఆ మూటలో గ్లాసులుండేవి, టిఫిన్ బాక్సులుండేవి, విజిల్ కెటిల్ మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు.

సరే, ఇప్పుడు కొనే సంగతికొద్దాం. చరిత్ర చెప్పే మొదటి సలహా: మీ ఇంట్లో పొయ్యి మీద కాగేది ఏంటో ముందు చూసుకోండి. పాలూ చాయే అయితే కెటిల్ జోలికి పోకండి, పాల కుక్కరు కొనండి. అదే డబ్బుకి పదిరెట్లు ఉపయోగం. నీళ్ళు కాచుకునే అలవాటు నిజంగా ఉంటేనే విజిల్ కెటిల్.

కరెంటు కెటిల్ ఉండగా ఇదెందుకు అని అడగొచ్చు. 1955లో రస్సెల్ హాబ్స్ వాళ్ళు నీళ్ళు మరగ్గానే దానంతటదే ఆగిపోయే కెటిల్ తెచ్చారు. అక్కడితో విజిల్ పని అయిపోయిందనే చెప్పాలి, ఇంటరప్టుకి లేచే మనిషి కూడా అక్కర్లేదు. ఖర్చు లెక్క చూస్తే లీటరు నీళ్ళని 28 డిగ్రీల నించి 100కి తేవడానికి సుమారు 300 కిలోజౌళ్ళు కావాలి. కరెంటైతే పది లీటర్లకి ఒక యూనిట్. కిలో గ్యాసులో సుమారు 46 మెగాజౌళ్ళుంటాయి. స్టవ్వు మీద సగం వేడి గాల్లో కలిసినా లీటరుకి 13 గ్రాములు. అంటే 14.2 కిలోల సిలిండరు మీద వెయ్యి లీటర్ల పైనే. రోజుకి రెండు లీటర్లు కాచినా ఒక సిలిండరు ఏడాదిన్నర వస్తుంది. ఖర్చులో పెద్ద తేడా లేదు. కరెంటు పోయినా పనిచెయ్యాలి, వైర్లంటే భయపడే పెద్దవాళ్ళు వాడాలి, పదేళ్ళు చెడిపోకూడదు అనుకుంటే పొయ్యి మీది కెటిలే నయం. అదే లీటరు నీళ్ళు మరిగాక మొత్తం ఇగిరిపోవాలంటే ఏడు రెట్ల పైగా వేడి తాగుతుంది. మరిగిన వెంటనే కట్టెయ్యమని పిలిచే విజిల్ వల్ల మిగిలేది ఆ గ్యాసే.

విజిల్ ఎలా కూస్తుందన్నది చాలాకాలం సరిగ్గా తేలలేదంటే నమ్ముతారా? రేలీ ప్రభువు 1877లో శబ్దం మీద తన పెద్ద పుస్తకం అచ్చువేసిన నాటి నించీ దీని మీద ఆలోచనలు నడుస్తూనే ఉన్నాయి. 2013లో కేంబ్రిడ్జిలో రాస్ హెన్రీవుడ్ అనే ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ కుర్రాడు, అనురాగ్ అగర్వాల్ అనే ప్రొఫెసరు కలిసి తేల్చారు. విజిల్లో కొంచెం ఎడంగా రెండు పలకలు, రెండింటికీ నడిమధ్య చిల్లు. మొదటి చిల్లులోంచి సన్నగా దూకిన ఆవిరి ధార రెండో పలకని చేరేసరికి నిలకడ తప్పి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లోంచే కూత. ఆవిరి జోరు తక్కువగా ఉన్నప్పుడు ఒక తీరు శబ్దం, జోరు పెరిగాక ఇంకో తీరు. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు ఎక్కడ కొనుక్కున్నామో గుర్తు చేసుకుని ముందుకి కదులుదాం :-)

ఈ సంగతి తెలిస్తే కొట్లో ఏం చూడాలో అర్థమైపోతుంది. ఆవిరంతా విజిల్లోంచే పోవాలి, ఇంకెక్కడా లీకవకూడదు. కాబట్టి మొదట మూత చూడండి. వదులుగా ఆడితే అది కూయదు. రెండోది, మూత తీస్తే మీ చెయ్యి లోపలికి పట్టాలి, లేకపోతే కడగలేరు. మూడోది, అడుగు వెడల్పుగా ఉండాలి. సన్నటి అడుగైతే మంట పక్కల నించి ఎగదన్ని పిడిని కాలుస్తుంది. నాలుగోది, పిడి వేడెక్కని రకమై గట్టిగా బిగించి ఉండాలి, విజిల్ మూత తెరవడానికి పిడి దగ్గరే మీట ఉంటే ఇంకా మంచిది. ఆవిరి మూతి దగ్గరికి వేలు పోకూడదు. అయిదోది, ఇంట్లో ఇండక్షన్ స్టవ్వు ఉంటే జేబులో చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళి అడుగుకి ఆనించండి. అంటుకోకపోతే దాని మీద పనిచెయ్యదు. నలుగురున్న ఇంటికి లీటరున్నర, రెండు లీటర్లది చాలు. మూడు లీటర్లది కొంటే రోజూ అవసరానికి మించి కాస్తారు. రంగు పూతల జోలికి పోకుండా ఉత్త స్టీలుదైతే ఖరీదూ తక్కువే. ఇటలీ అలెస్సీ కంపెనీకి 1985లో మైకేల్ గ్రేవ్స్ అనే ఆర్కిటెక్టు గీసిన కెటిల్ మూతి మీద పిట్ట బొమ్మ ఉంటుంది, నీళ్ళు మరిగితే ఆ పిట్ట కూస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మన పని మామూలు విజిల్‌తో కూడా అవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మన ఉమ్మడి నల్లగొండ వాళ్ళు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. విజిల్ నీళ్ళు మరిగాయని చెప్తుంది. నీళ్ళు మంచివని చెప్పదు. మన జిల్లా పేరు ఫ్లోరోసిస్‌తో ముడిపడిపోయింది. ఫ్లోరైడ్ తీసెయ్యడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నీరి శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందిస్తే, ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. మునుగోడు, మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్ళతో బతికిన మనుషుల్ని చూసిన వాళ్ళకి ఆ పేరు వింటే గర్వం రాదు. సాగర్ కాలవ అందిన మిర్యాలగూడ, కోదాడ వైపు ఎంతో నయం. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు మిగతా ఊళ్ళకీ చేరాయి. అయినా బోరు నీళ్ళు తాగే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఫ్లోరైడ్ అడుగునే ఉంటుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఆ 1.5 ఉన్న నీళ్ళనే సగానికి ఇగరబెడితే 3 దగ్గరికి చేరుతుంది. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ని ఆకుల్లో దాచుకునే రకం, ముదురాకులో ఇంకా ఎక్కువ. అందుకని బోరు నీళ్ళున్న ఇంట్లో కెటిల్ కంటే ముందు నీళ్ళ పరీక్ష చేయించండి. అడుగున తెల్లగా గార కడితే నిమ్మరసమో చింతపండు పులుసో పోసి మరిగిస్తే వదులుతుంది. కానీ గార పోయింది కదా అని నీళ్ళు బాగైనట్టు కాదు. నిన్న మిగిలిన నీళ్ళ మీదే ఇవాళ మళ్ళీ పోసి కాచే అలవాటు మానెయ్యండి.

చివరగా ఒక్క మాట. ఇంటరప్ట్ వస్తే సరిపోదు, దాన్ని అందుకునే హ్యాండ్లర్ ఒకటి ఉండాలి కదా. కుక్కరు కూసినా, పాల కుక్కరు కూసినా మన ఇళ్ళల్లో లేచేది ఒక్కరే. హాల్లో టీవీ ముందున్న మిగతా వాళ్ళు "మమ్మీ, విజిల్!" అని ఆ ఇంటరప్టుని ఫార్వర్డ్ చేస్తారు, అంతే. పాలదాలి రోజుల్లో కాపలా అవసరమే లేదు. గ్యాసు రోజుల్లో కాపలా ఆమెదైంది. విజిల్ వచ్చి కాపలాని కాస్త తగ్గించింది గానీ, లేచే వంతు మాత్రం మార్చలేదు. అది ఏ కంపెనీ కెటిలూ మార్చదు. కాబట్టి కొనేటప్పుడు కొట్లోనే విజిల్లోకి నోటితో గట్టిగా ఊది చూడండి. వంటింట్లో కూస్తే హాల్లో సోఫాలో ఉన్నవాళ్ళకి వినబడేంత గట్టిగా ఉన్నదే తీసుకోండి. తర్వాత లేవడం మన పని.